మూత బిగించిన డబ్బా

"జమాలూ! ఒరేయ్ జమాలూ! పొద్దు వాలుతాంది, యాడుండావురా?"

హుసేనప్ప తాత దర్గా అరుగు మీద నిలబడి కేకేస్తున్నాడు. తెల్లగా ఉతికిన జుబ్బా, భుజాన పచ్చ తువ్వాలు. జుబ్బా మెడపట్టీకి పొడవాటి దబ్బనం గుచ్చి ఉంది. ఒకప్పుడు పరుపులు కుట్టి బతికినవాడు. ఆ పని మానేసి చాలా కాలమైనా దబ్బనాన్ని మాత్రం వదల్లేదు. ఎందుకని అడిగితే, "నాకు తెలిసిన చదువు ఇదొక్కటే కదప్పా" అంటాడు.

జమాలు దర్గా వెనక, సున్నం గోడ నీడలో, పాత మోటార్ సైకిలు కింద వెల్లకిలా పడుకుని ఉన్నాడు. ఇంజన్ పొట్ట మీద ఒక నూనె చుక్క నిగనిగలాడుతూ వేలాడుతోంది. పడదామా వద్దా అని ఆలోచిస్తున్నట్టుంది. వాడికి దాని మీద కోపం రాలేదు. అయోమయంగా ఉంది, అంతే. పొద్దున అక్కడ చుక్క లేదు. అసలు అక్కడినుంచి నూనె రావాల్సిన పనే లేదు.

ఇదంతా ఒక గొట్టంతో మొదలైంది.

ఆ బండికి ఇంజన్ పక్కన ఒక రబ్బరు గొట్టం వేలాడుతూ ఉండేది. బ్రీదర్ పైపు అంటారు. ఇంజన్ వేడెక్కినప్పుడు లోపలి ఆవిరి అందులోంచి బయటికి పోతుంది. బండి పాతబడేకొద్దీ ఆవిరితో పాటు నూనె కూడా తుంపరగా వస్తుంది. తాతను వెనక కూర్చోబెట్టుకుని నాలుగూళ్లు తిరిగొస్తే ఆయన లుంగీ అంచంతా నల్లబడేది. దర్గా ముందు బండి ఆపితే అప్పుడే కడిగిన నాపరాళ్ల మీద మరకలు పడేవి. వచ్చినవాళ్లు అగరొత్తుల వాసన మధ్యలో ఈ కమురు కంపు తగిలి ముక్కు చిట్లించేవాళ్లు.

జమాలుకు అప్పుడు ఎక్కడైనా దూరిపోవాలనిపించేది. వాడు నంద్యాలలో ఒక మోటార్ సైకిళ్ల షెడ్డులో సగం పని నేర్చుకుని, ఒక బేస్తవారం దర్గాలో తాత పాడిన పాట విని, పానా కింద పెట్టేసి ఆయన వెంట వచ్చినవాడు. తన గురువు తెల్ల గుడ్డలు తెల్లగానే ఉండాలని వాడి కోరిక. వెన్నెల్లో తడిసినట్టు ఉండాలి ఆయన.

అందుకని గొట్టాన్ని సీటు కిందికి తిప్పి ఒక ప్లాస్టిక్ డబ్బాలోకి దింపాడు. డబ్బాలో గిన్నెలు తోమే ఇనుప పీచు కుక్కాడు. ఆవిరి ఆ పీచుకు తగిలితే నూనె చుక్కలుగా విడిపోయి అడుగున నిలుస్తుంది. అంతవరకు షెడ్డులో చూసి నేర్చుకున్నదే. ఆ పైది సొంత తెలివి. మూత చుట్టూ లప్పం పూసి, దాని మీద ట్యూబు రబ్బరు చుట్టి, చీమ కూడా దూరకుండా బిగించేశాడు.

"ఇంగ చుక్క కింద పడదు తాతా. వాసన కూడా రాదు" అని తెచ్చి చూపించాడు.

తాత డబ్బా మీద వేలితో రెండుసార్లు కొట్టి, "బాగుండాది. దిండు మాదిరి కుట్టేసినావు" అన్నాడు. మెచ్చుకున్నాడో, ఎగతాళి చేశాడో తెలియలేదు.

ఆ తర్వాతే ఈ విచిత్రం. గొట్టం దగ్గర కారడం ఆగింది కానీ గేరు రాడ్డు దగ్గర చెమ్మ మొదలైంది. అక్కడ బిగిస్తే పైన ఇంజన్ మూత అంచుల్లోంచి ఊరింది. దానికి కొత్త అట్ట వేసి బిగిస్తే, ఇదిగో, ఇప్పుడు పొట్ట మీద చుక్క. ఒక చోట నోరు మూస్తే ఇంకో చోట తెరుస్తోంది. ఇది ఇంజనా, దయ్యమా?

"చెవుల్లో దూది పెట్టుకున్యావా ఏం?" తాత గోడ మలుపు దగ్గరికే వచ్చేశాడు. "మద్దిలేటి వాళ్లు ఎదురుచూస్తాంటారు. పా."

ఆ పేరు వినగానే బండి సంగతి పక్కకు పోయి, వారం నుంచి వాణ్ని తినేస్తున్న సంగతి ముందుకొచ్చింది.

దర్గాలో బేస్తవారం జిక్ర్ జరుగుతుంది. అందరూ వలయంగా కూర్చుని, కళ్లు మూసుకుని, దేవుడి పేరును ఊపిరితో కలిపి తలుచుకుంటారు. అయిపోయాక ఎవరికేం అనిపించిందో చెప్పుకుంటారు. ఒకాయనకు గులాబీల వాసన వచ్చిందట. ఒకాయనకు చనిపోయిన తల్లి పిలుపు వినబడిందట. ఒకనాడు జమాలు వంతు వచ్చింది. అందరూ వాడి ముఖంలోకే చూస్తున్నారు. వాడి నోట్లోంచి, వాడికే తెలియకుండా, "వెలుగు కనపడింది" అని వచ్చేసింది.

ఒక్క మాట. అంతే. అప్పటినుంచి వాడు వెలుగు జమాలు అయిపోయాడు. టీ కొట్టు దగ్గర లేచి చోటిస్తారు. పిల్లలకు జ్వరమొస్తే తలమీద చెయ్యి పెట్టమంటారు. తాత మాత్రం ఆరోజూ ఏమీ అనలేదు, ఆ తర్వాతా అనలేదు. నమ్మాడో లేదో తెలియదు. రాత్రుళ్లు జమాలు ఒంటరిగా కూర్చుని గట్టిగా కళ్లు మూసుకునేవాడు. ఇప్పుడైనా నిజంగా కనబడితే అబద్ధం అబద్ధం కాకుండా పోతుందని ఆశ. ఏమీ కనబడేది కాదు.

ఇంతలో కొండ అవతలి పల్లెనుంచి మద్దిలేటి కబురు పంపాడు. ఆయన నాపరాళ్ల గనిలో పనిచేస్తుండగా మందు పేలి రెండు కళ్లూ పోగొట్టుకున్నవాడు. ఈ బేస్తవారం జిక్ర్ తన ఇంట్లో పెట్టుకోమన్నాడు. వెలుగు చూసిన పిల్లోణ్ని తప్పకుండా తీసుకురమ్మన్నాడు.

జమాలు చేతులు తుడుచుకుని బండి తీశాడు.

కొండ దారి మొదలవగానే బండి మూలగసాగింది. మలుపు తిరిగేకొద్దీ ఇంజన్ దగ్గర ఏదో సన్నగా ఈల వేస్తున్నట్టు వినిపిస్తోంది. "తాతా, వినపడతాందా?" అన్నాడు. "నాకు వినపడతానే ఉండాదిలే" అన్నాడు తాత వెనకనుంచి.

పైకెక్కే చివరి మలుపులో టప్‌మని శబ్దం వచ్చింది. నూనె పోసే చోట ఉండే బిరడా ఊడి ఎగిరింది. వేడి నూనె చివ్వున చిమ్మింది. జమాలు కాలుకు కొంచెమే తగిలింది. మిగతాదంతా గాలికి వెనక్కి వెళ్లింది.

బండి ఆపి తిరిగి చూస్తే, తాత జుబ్బా మీద మెడనుంచి పొట్ట దాకా నల్లటి పాయ.

 ఏది జరగకూడదని జమాలు ఇంత చేశాడో సరిగ్గా అదే జరిగింది. గొట్టం బయటికి ఉన్నన్నాళ్లూ లుంగీ అంచు దాటని మరక ఈరోజు గుండెల మీదికి వచ్చింది.

"కాలిందా తాతా?"

"ల్యా. గాలికి సల్లారిపోయింది." తాత కిందికి చూసుకుని నవ్వాడు. "బండి దగ్గినట్టుండాది రా."

"తాతా, నాకు ఏమీ అర్థం కావడంల్యా. అన్నీ బిగించినా. ఒక్క సందు వదల్లేదు. ఎంత బిగిస్తే అంత కక్కుతాంది. ఏం చేయాల నేను?"

తాత దారిపక్కన బిరడా వెతికి తెచ్చి జమాలు చేతిలో పెట్టాడు. "పెట్టు. పెట్టి బండి ఆడించు."

జమాలు బిరడా పెట్టి, కిక్కు కొట్టాడు. ఇంజన్ దడదడలాడింది. తాత వాడి అరచెయ్యి తీసుకుని బిరడా మీద ఆనించాడు. దాని కింద ఏదో తోస్తోంది. పట్టుకున్న పిట్ట చేతిలో కొట్టుకుంటున్నట్టుగా ఉంది.

అప్పుడు తాత మెడపట్టీలోంచి దబ్బనం తీశాడు. తువ్వాలు కొసతో దాని తల పట్టుకుని, అగ్గిపుల్ల గీసి, మొన కాల్చాడు. ఒకటి ఆరిపోతే ఇంకొకటి గీశాడు. మొన బాగా కాలాక, సీటు కింద డబ్బా మూతలోకి దించాడు.

ప్లాస్టిక్ కరిగి లోపలికి పోయింది. తాత దబ్బనాన్ని గుండ్రంగా తిప్పి, పక్కనే మళ్లీ పొడిచి, చిటికెన వేలు దూరేంత కంత చేశాడు.

ఉఫ్‌మని ఆవిరి బయటికొచ్చింది. పలచటి తెల్లటి ఆవిరి. దాంతోపాటు ఆ పాత కమురు కంపు. ఎన్నాళ్లుగానో లోపల కూర్చున్న కంపు.

జమాలు అరచేతి కింద బిరడా తోయడం మానేసింది. చూస్తూ చూస్తూ ఉండగానే ఇంజన్ శబ్దం మెత్తబడింది. పొట్ట మీద చుక్క అక్కడే నిలిచింది, ఆ వెనక మరొకటి రాలేదు. నూనె డబ్బాలోనే, ఇనుప పీచు కింద, మామూలుగా నిలిచింది. బయటికి పోయింది ఆవిరొకటే.

"ఎందుకు మూసినావురా దాన్ని?" అడిగాడు తాత దబ్బనం తుడుచుకుంటూ.

"వాసనొస్తాదని తాతా. నలుగురూ ముక్కు మూసుకుంటారని. నీ గుడ్డల మీద మచ్చ పడతాదని."

తాత తన జుబ్బా వైపు చూసుకున్నాడు. దబ్బనాన్ని మళ్లీ మెడపట్టీకి గుచ్చుకున్నాడు.

"పడింది కదా. ఇంగ ఉతుక్కోవచ్చు. పా."

జమాలు బండెక్కాడు. తాత చెప్పింది జుబ్బా గురించే అయి ఉండాలి. కాదేమో. అడుగుదామని రెండుసార్లు మెడ తిప్పాడు కానీ గాలి హోరులో నోరు తెరవలేకపోయాడు. దిగుడులో బండి హాయిగా జారిపోతోంది. వాడి లోపల మాత్రం ఆ సన్నటి ఈల ఆగలేదు.

మద్దిలేటి ఇంటి వాకిట చాపలు పరిచి ఉన్నాయి. ఊళ్లోవాళ్లు అప్పటికే వచ్చి కూర్చున్నారు. తాతను చూసి అందరూ లేచారు. లేచినవాళ్లు జుబ్బా చూసి ఆగిపోయారు.

"ఏమి తాతా, ఆ గుడ్డలకేమయింది?"

"మా బండి నా మింద దగ్గిందప్పా" అన్నాడు తాత, చాప మీద కూర్చుంటూ. మార్చుకోవడానికి ఎవరో చొక్కా తెస్తామన్నా వద్దన్నాడు. ఆ మరకతోనే, అందరి ముందరా, ఏమీ పట్టనట్టు కూర్చున్నాడు.

మద్దిలేటి గోడ పట్టుకుని బయటికి వచ్చాడు. పెద్ద మనిషి. చేతులు రాళ్లు పగలగొట్టిన చేతులు. నల్ల కళ్లద్దాలు తీసేసి జేబులో పెట్టుకున్నాడు, ఎవరో గొప్పవాళ్ల ముందుకు వస్తున్నట్టుగా.

"ఆ పిల్లోడు వచ్చినాడా?"

"వచ్చినాడు. నీ ఎదురుగానే ఉండాడు" అన్నాడు తాత.

మద్దిలేటి తడుముకుంటూ వచ్చి జమాలు ముందు కూర్చున్నాడు. వాడి రెండు చేతులూ పట్టుకున్నాడు. వాటికి ఇంకా నూనె జిడ్డు ఉంది.

"నాయనా, నేను వేరే ఏమీ అడగను. కండ్లు ఇప్పించమని అడగను. పొద్దు ఎట్లుంటాదో కూడా మర్సిపోతాండా. కండ్లు మూసుకుంటే నీకు వెలుగు కనపడిందంట గదా. అది ఎట్లుండాదో రోంత చెప్పు. నేను కూడా మూసుకునే ఉండా. చూసుకుంటా."

 చెప్పడానికి జమాలుకు ఎన్నో మాటలున్నాయి. పాలనురుగు వంటి వెలుగు. తెల్లారి కొండమీద మంచు వంటి వెలుగు. ఇలాంటివి వాడు నిద్రలో కూడా అల్లగలడు. నోరు తెరిస్తే చాలు. ఈ మనిషి బతికినన్నాళ్లూ దాన్ని దాచుకుంటాడు.

జమాలు తాత వైపు చూశాడు. కళ్లతోనైనా ఏదో ఒకటి చెబుతాడని చూశాడు. తాత ఇటు చూడటం లేదు. చెంబులో తువ్వాలు కొస తడిపి, జుబ్బా మీది మరకను నింపాదిగా రుద్దుకుంటున్నాడు. అది పోవడం లేదు. ఆయనకు తొందరా లేదు.

జమాలు గొంతులోంచి ముందు ఊపిరి వచ్చింది.

"మద్దిలేటన్నా," అన్నాడు, అందరికీ వినబడేలా, "నేను ఏ వెలుగూ సూడలేదు. అందరూ ఏదో ఒకటి చెప్తాంటే సిగ్గయి, అబద్ధం చెప్పినా. ఆ పొద్దు కండ్లు మూసుకుంటే నాకు కనపడింది చీకటేన్నా. ఇప్పుడు నీకు కనపడతాందే, అదే."