గోడెక్కి దిగిన నీళ్లు

వెనకటికి ఒక ఊళ్లో గవరమ్మ అని ఒంటి ముసలమ్మ ఉండేది. మొగుడు పోయేముందు నాటిన దొండపాదే ఆవిడకు తోడు. కష్టమైనా సుఖమైనా దానికే చెప్పుకునేది. ఆ ఏడు ఎండలకు బావి అడుగంటి, పాదు వాడిపోసాగింది. పక్కింటి దివాను భుజంగరావు తొట్టి మాత్రం పిట్టగోడకు ఆనుకుని అంచుదాకా నిండి ఉంది.

"రోజూ ఒక్క చెంబెడు పొయ్యండి బాబూ," అంది గవరమ్మ.

దివాను నలుగురూ వింటుండగా నవ్వాడు. "తొట్టిలో చెంబు ముంచకు, గోడకు కన్నం పెట్టకు. నీళ్లే గోడెక్కి నీ పెరట్లో దిగితే అన్నీ నీవే, పో!"

గవరమ్మ బోలు బొప్పాయి కాడలు కోసి, ఒకదాంట్లో ఒకటి దూర్చి, అతుకులకు మైనం మెత్తింది. ఒక కొస తొట్టిలో ముంచి, రెండో కొసను గోడమీదుగా పాదు మొదట్లోకి దించి, నోటపెట్టి గట్టిగా ఒక్కసారి పీల్చింది. అంతే, నీళ్లు గోడెక్కి దిగుతూనే ఉన్నాయి.

తొట్టి సగమయ్యాక దివాను పరుగున వచ్చాడు. "ఏం మాయ చేశావే?"

"మాయేముంది బాబూ! కిందికి దారి చూపించాను. ముందు దిగిన నీళ్లు వెనక నీళ్లను చెయ్యిపట్టి తీసుకొస్తున్నాయి. ముందు వెళ్లి వెనకవాళ్లను వదిలేసేది మనుషులే."

నలుగురిలో ఇచ్చిన మాట. దివాను వచ్చిన దారినే వెళ్లిపోయాడు.

గవరమ్మ పాదు పక్కన చతికిలబడింది. "తాగవే తల్లీ, తాగు. నువ్వూ పోతే నేనెవరితో మాట్లాడను?"