రాక్షసరాజు వదిలేసిన అట్ట

విశాఖపట్నంలో ఒక మందుల కొట్లో సన్యాసిరావు అనే గుమాస్తా ఉండేవాడు. మనిషి మంచివాడే గానీ, నలుగురి కంట్లో పడని పని చెబితే చాలు, మొహం ముడుచుకునేవాడు.

మాయలు, మంత్రాలు, గ్రహాంతరవాసులు ఉన్న కథలంటే అతనికి ప్రాణం. ఆ పిచ్చి ఉన్నవాళ్ళంతా కలిసి ఏటా ఒక కాలేజీలో అద్భుత కథల మేళా జరుపుకునేవారు. ఆ ఏడు సన్యాసిరావు కూడా వాలంటీరుగా పేరిచ్చాడు. ఎందుకంటే, ఒకప్పుడు పిల్లల పత్రికల్లో ఎగిరే కోటల, ఏడు తలల పాముల బొమ్మలు వేసిన వైదేహి గారు మేళాకి వస్తున్నారు. ఆవిడకి డెబ్బై ఎనిమిదేళ్ళు. చెయ్యి వణుకుతోంది కాబట్టి ఇదే ఆఖరు, ఇక మీదట ఏ సభకీ రానని చెప్పేశారు. ముప్ఫై మంది అభిమానులకు తలా ఒక బొమ్మ, చివర్లో ఒక వాలంటీరుకి ఒక బొమ్మ వేసిస్తానన్నారు. వాలంటీర్ల పేర్లతో చీటీలు తీస్తే సన్యాసిరావు పేరే వచ్చింది! ఆ బొమ్మ తగిలించడానికి అతను ఇంట్లో గోడకి అప్పుడే మేకు కూడా కొట్టేశాడు.

మేళా రోజు అట్ట కిరీటం, కోరలు, బారెడు మీసాలతో రాక్షసరాజు వేషం వేసుకుని వచ్చాడు. నిర్వాహకురాలు జుబేదా అతని చేతిలో కర్రకి కట్టిన ఒక అట్ట పెట్టింది. దానిమీద "వరుసలో చివరి మనిషి" అని రాసి ఉంది.

"ఇదేం పనండీ? గోడకి ఆనించినా సరిపోతుంది కదా!" అన్నాడు సన్యాసిరావు.

"సరిపోదండీ. మిగతా వరుసల్లో ఎవరు కొత్తగా వస్తే వాళ్ళు అట్ట అందుకుని వెనక నిలబడతారు. వైదేహి గారి వరుస అలా కాదు. ముప్ఫయ్యో మనిషి వెనక మీరే నిలబడాలి. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి లేదని చెప్పాలి. అక్కణ్ణించి కదలకండి" అంది జుబేదా.

కాసేపటికే ముప్ఫై మందీ వచ్చేశారు. ముప్ఫయ్యో మనిషి ఒక కాలేజీ లెక్చరరు. సన్యాసిరావు ఆయన వెనక ఉసూరుమంటూ నిలబడ్డాడు. అంతలో బయట తప్పెట్లు మోగాయి. వేషాల ఊరేగింపు మొదలైంది! ఇక అయ్యగారి కాళ్ళు నిలుస్తాయా?

"మాస్టారూ, కాస్త ఈ అట్ట పట్టుకోండి. చిటికెలో వచ్చేస్తా" అన్నాడు. ఎందుకు పట్టుకోవాలో మాత్రం చెప్పలేదు.

ఆ చిటిక గంటన్నర అయింది. ఊరేగింపులో రాక్షసరాజుతో ఫొటోలు దిగనివాళ్ళు లేరు. ఇక్కడ లెక్చరరు గారి వెనక ఎవరో వచ్చారు. మిగతా వరుసల్లో చూసిన అలవాటు కొద్దీ ఆయన అట్ట వాళ్ళ చేతికిచ్చారు. వాళ్ళు ఆ తర్వాత వచ్చినవాళ్ళకి ఇచ్చారు. అలా అట్ట వెనక్కి వెనక్కి వెళ్ళిపోయింది.

సన్యాసిరావు ఈల వేసుకుంటూ తిరిగొచ్చేసరికి, అట్ట ఎవరో ముక్కూమొహం తెలియనావిడ చేతిలో ఉంది. గబగబా లెక్కపెట్టాడు. లెక్చరరు గారి వెనక పద్నాలుగు మంది!

"మీరు... ఎప్పటినుంచి నిలబడ్డారమ్మా?" అని అడిగాడు.

"గంట దాటింది బాబూ. నా పేరు అప్పలనరసమ్మ. పార్వతీపురంలో బట్టలు కుడతాను. రెండు బస్సులు మారి వచ్చాను. చిన్నప్పుడు ఆవిడ బొమ్మలు చూసే పువ్వులు కుట్టడం నేర్చుకున్నాను" అందామె సంబరంగా.

అంతలో లెక్చరరు గారి బొమ్మ కూడా అయిపోయింది. వైదేహి గారు వేళ్ళు నొక్కుకుంటూ, "ఇంకొక్కటే. వాలంటీరు ఎవరు?" అన్నారు.

ముప్ఫై మందికేనని ముందే చెప్పామని దబాయించి, తన బొమ్మ తాను తీసుకుని పోవచ్చు. అడిగేవాళ్ళు లేరు. కానీ అప్పలనరసమ్మ మొహం చూస్తే సన్యాసిరావుకి నోరు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాడు. కోరలు తీసి జేబులో పెట్టుకున్నాడు.

"తప్పు నాదేనండీ. బొమ్మలు ముప్ఫయ్యే. ఆ తర్వాత వచ్చినవాళ్ళకి ఆ మాట చెప్పడమే నా పని. అది వదిలేసి ఊరేగింపుకి పోయాను. నా బొమ్మ ఈ అమ్మకి ఇచ్చేయండి" అన్నాడు.

"మరి మా సంగతేంటయ్యా?" అని మిగతా పదముగ్గురూ ఒక్కసారిగా విరుచుకుపడ్డారు. సన్యాసిరావు తల దించుకుని అన్నీ పడ్డాడు.

వైదేహి గారు అప్పలనరసమ్మకి ఎగిరే కోట వేసిచ్చి, కుంచె పక్కన పెట్టేశారు. తర్వాత సన్యాసిరావుని ఎగాదిగా చూసి ఫక్కున నవ్వారు.

"నా చెయ్యి అలిసింది గానీ నోరు అలవలేదు. అందరూ కాగితం, పెన్సిలు తీసుకుని కూర్చోండి. రాక్షసుణ్ణి ఎలా వెయ్యాలో నేను చెబుతాను, మీరు వెయ్యండి. ఏమయ్యా రాక్షసరాజా! కోరలు పెట్టుకో. ఆ అట్ట పట్టుకుని అక్కడ నిలబడు. ఈసారి కదిలావో, చూడు!"

కోపమంతా నవ్వుల్లో కొట్టుకుపోయింది. ముప్పావుగంట సేపు సన్యాసిరావు రెప్ప కూడా సరిగ్గా వెయ్యకుండా నిలబడ్డాడు. కాళ్ళు పీకాయి, మీసం కింద దురద పెట్టింది. అయినా కదల్లేదు. చివర్లో వైదేహి గారు ప్రతి బొమ్మలోనూ తన చేత్తో రెండు కళ్ళు దిద్దారు. పద్నాలుగు మందీ పొంగిపోయారు.

వెళ్తూ వెళ్తూ అప్పలనరసమ్మ తను వేసిన రాక్షసుణ్ణి సన్యాసిరావు చేతిలో పెట్టింది. "నాకు ఎగిరే కోట దొరికింది కదా, ఇది నువ్వుంచుకో బాబూ" అంది. ఇంట్లో కొట్టిన మేకుకి ఆ బొమ్మే ఎక్కింది. అందులో రాక్షసుడి మీసాల కన్నా చేతిలో అట్టే పెద్దగా ఉంది.

మరుసటి ఏడు "వేదిక దగ్గర ఉంటారా?" అని జుబేదా తనే అడిగింది.

"వద్దండీ. ఆ అట్ట ఇలా ఇవ్వండి" అన్నాడు సన్యాసిరావు.

నీతి: చిన్న పనే కదా అని మనం వదిలేసి పోతే, దాన్ని నమ్ముకుని నిలబడ్డవాళ్ళు మోసపోతారు, ఒప్పుకున్న పని ఎంత చిన్నదైనా కడదాకా చెయ్యాలి.