ఎడమ సీటు మూటలు

గుంటూరు ఆటోనగర్‌లో మీరావలి ఉస్తాద్ షెడ్డుకి ఒక వింత ఆచారం ఉండేది. కారు ఎత్తు తగ్గించి నేలకి దగ్గరగా దించుకోవాలని ఎవరొచ్చినా సరే, బోల్టు మీద పానా పెట్టకముందు ఆయన గోడవారన పేర్చిన ఇసుక మూటలు చూపించేవాడు. కొన్ని పది కిలోలవి, కొన్ని అయిదువి. ఈ బండిలో రోజూ ఎవరు తిరుగుతారో వాళ్ళ బరువుకి సరిపడా మూటలు మీ చేత్తో మీరే సీట్లలో పెట్టండి అనేవాడు. పెట్టాక నాలుగు చక్రాల దగ్గరా టేపుతో కొలిచి, ఏ స్ప్రింగు వెయ్యాలో, ఏ మూల ఎంత దించాలో తేల్చేవాడు. ఖాళీ బండిని చూసి స్ప్రింగు ఎంచడమంటే ఎంతమందో అడక్కుండా ఎసరు పెట్టడమేనని ఆయన మాట. ఉన్న స్ప్రింగునే రెండు చుట్లు కోసి దించెయ్యమన్నవాడికి ఆయన షెడ్డులో మంచినీళ్ళు కూడా పుట్టేవి కావు.

ఆయన దగ్గర పదకొండేళ్ళుగా పని నేర్చినవాడు ఏసోబు. ముప్పై అయిదేళ్ళ మనిషి, చెయ్యి తిరిగిన పనివాడు, వేసవి వెళ్ళాక సొంత షెడ్డు పెట్టుకోవాలని చూస్తున్నాడు. ఆ షెడ్డులో మూటలు ఉండాలా వద్దా అన్నది అతనికి ఎంతకీ తెగలేదు. పక్క షెడ్లవాళ్ళు ఎద్దేవా చేస్తున్నారు. కస్టమర్లు చొక్కాలు మాసిపోతున్నాయని సణుగుతున్నారు. ఒకరోజు పొద్దున టీ తాగుతూ అడిగేశాడు.

"ఉస్తాద్, ఎవరు కూర్చుంటారో, ఎంత బరువో నోటితో చెబితే రాసుకోలేమా? ఈ మూటలెందుకు?"

ఉస్తాద్ గ్లాసు కింద పెట్టి, ఇవాళ టీలో అల్లం ఎక్కువైందన్నాడు. ఆయన పద్ధతే అంత. అడిగినవాడికి జవాబు ఎదురయ్యేదాకా ఓపిక పట్టేవాడే గాని, తయారుచేసి చేతిలో పెట్టేవాడు కాదు.

జవాబు ఆ వారంలోనే వచ్చింది. అదీ ఏసోబు ఇంట్లోంచే వచ్చింది. అతని చెల్లెలు రూతు భర్త సుందరపాల్ కారు దించుకుంటానని షెడ్డుకొచ్చాడు. ఆ సంబంధం తెచ్చింది ఏసోబే. రూతుకి మొదట ఇష్టం లేదు. మాట్లాడేటప్పుడు ఆ మనిషి ఎదుటివాళ్ళ మొహం చూడడం లేదన్నయ్యా అంది. ఏసోబు కొట్టిపారేశాడు. నోరు మంచిదైతే ఊరు మంచిదన్నారు, ఇంత నెమ్మదిగా మాట్లాడేవాడు దీపం పెట్టి వెతికినా దొరకడని గట్టిగా చెప్పాడు. అమ్మానాన్నా లేని పిల్ల, అన్న మాట తీసెయ్యలేక తల వంచింది. ఇప్పుడు వాళ్ళకి పది నెలల బాబు.

బావ దగ్గర కూడా ఈ తతంగమేమిటని ఏసోబు మూటల సంగతి ఎత్తలేదు. బండిలో ఎవరెవరు తిరుగుతారని మాత్రం అడిగాడు.

"నేనూ, మీ చెల్లెలూ, బాబూ. ఇంకెవరుంటారు బావా?" అని సుందరపాల్ నవ్వాడు.

ఆ మాటే కాగితం మీద రాయబోతుంటే ఉస్తాద్ వెనకనుంచి వచ్చి, బాబూ, కాస్త మూటలు కూడా పెట్టండి అన్నాడు మర్యాదగా. సుందరపాల్ విసుక్కోలేదు. చొక్కా చేతులు మడిచి, హుషారుగా తన సీట్లో డెబ్భై అయిదు కిలోలు పేర్చాడు. లెక్క సరిగ్గా ఉంది. తరవాత ఎడమవైపు తలుపు తీశాడు. కింద లివరు లాగి సీటుని బాగా ముందుకి జరిపాడు, రోజూ జరిపే చెయ్యికి చూసుకోనక్కర్లేదు కదా. అందులో పది కిలోల మూటలు నాలుగు, అయిదుది ఒకటి పెట్టి, జారిపోకుండా బెల్టు కూడా బిగించాడు. చేతులు దులుపుకున్నాడు. అయిపోయిందా అని ఉస్తాద్ అడిగాక గుర్తొచ్చి, బాబుకని ఇంకో పది కిలోల మూట వెనక సీట్లో పడేశాడు. ఆ బాబు కారెక్కితే తల్లి ఒడి తప్ప ఇంకో చోటు ఎరగడు.

ఏసోబు పానా పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. రూతు తన అన్న అంత పొడుగు. బడిలో ఎప్పుడూ వెనక బెంచీలోనే కూర్చోబెట్టేవాళ్ళు. సీటు అంత ముందుకుంటే ఆమె మోకాళ్ళు డాష్‌బోర్డుకి కొట్టుకుంటాయి. బరువంటారా, పురుడయ్యాక డెబ్భై దాటిందని తన మీద తనే నవ్వుకుంటుంది. మరి ఆ నలభై అయిదు కిలోల మనిషి ఎవరు? అంతలోనే, పెళ్ళాం బరువెంతో ఏ మొగుడికి తెలుసులే, అంచనా తప్పి ఉంటాడని సర్దిచెప్పుకున్నాడు. మనం తెచ్చిన సంబంధం తరఫున మనమే వకీలు కావడం కొత్తేమీ కాదు.

ఉస్తాద్ కొలతలు తీసి కాగితం అతని చేతికిచ్చాడు. ఆయనా రూతుని ఎరిగినవాడే, అందులో రెండు లెక్కలున్నాయి.

"ఇది నోరు చెప్పింది. ఇది చెయ్యి చెప్పింది. దేనికి వేస్తావో నీ ఇష్టం."

ఏసోబు నోటికే వేశాడు. రూతూ, ఆమె ఒడిలో బాబూ ఎడమవైపు కూర్చుంటే బండి ఎటూ ఒరగకుండా నిలబడేలాంటి స్ప్రింగులు ఎంచాడు. స్ప్రింగు కింద మరలున్న రింగు ఉంటుంది. అది తిప్పితే ఆ మూల లేస్తుంది, దిగుతుంది. ఎడమవైపు రింగు ఆ లెక్కకే పైకి తిప్పి బిగించాడు. బావ మాట నిజమైతే బండి సమంగా ఉంటుంది, తనకి పాపపు ఆలోచన చేశానన్న సిగ్గే మిగులుతుంది. ఆ సిగ్గే మిగలాలని ప్రార్థన కూడా చేశాడు.

ఆదివారం రూతు బాబునెత్తుకుని చర్చికి ఆటోలో వచ్చింది. కొత్త స్ప్రింగులు ఎలా ఉన్నాయే అని ఏసోబు అడిగాడు. నేనెక్కడ ఎక్కాను అన్నయ్యా, దించిన బండి కుదుపులకి బాబు ఏడుస్తాడు, నువ్వు ఆటోలో పో అన్నారు మీ బావ, అంది. అందులో ఆమెకి తప్పేమీ కనబడలేదు. ఏసోబు అది కూడా మంచికే తిప్పుకున్నాడు. బావ ఒక్కడే తిరుగుతున్నాడన్నమాట. ఒక్కడే తిరిగితే ఏ గొడవా లేదు. ఆ పూట అన్నం సయించింది.

మర్నాడు సుందరపాల్ మళ్ళీ వచ్చాడు. దిగుతూనే ఎడమ చక్రం దగ్గర కూర్చుని, ఇటుపక్క చిటికెన వేలంత లేచి ఉంటోంది, చూడ్డానికి బాగోలేదన్నాడు. నువ్వొక్కడివే ఉంటే అంతే ఉంటుంది బావా అని ఏసోబు నెమ్మదిగా చెప్పాడు. అవునంటే బాగుండునని ఎదురుచూశాడు.

"ఒక్కణ్ణే ఉంటే లేస్తుందని ఆ మాత్రం నాకు తెలీదా బావా? పక్కన మనిషి కూర్చున్నా దిగట్లేదు. వారం నించీ చూస్తున్నాను."

ఆ మాట చక్రం వైపు చూస్తూ అన్నాడు. తానేమన్నాడో తనకే పట్టలేదు. అన్నది ఎంతో నెమ్మదిగా, ఎంతో మర్యాదగా. ఆ నెమ్మదే ఒకప్పుడు ఏసోబుని పడగొట్టింది. ఇప్పుడు దాన్ని వింటుంటే అతని ఒళ్ళు మండిపోయింది. కోపం బావ మీద సగమే. మిగతా సగం, వద్దన్న పిల్ల నోరు నొక్కి, తలుపు తట్టి మరీ ఈ మనిషిని ఇంటికి తెచ్చిన తన మీద. ఆ రింగు నాలుగు మరలు కిందికి తిప్పితే ఎవరో ఒకామె ఆ సీట్లో హాయిగా, సమంగా కూర్చుంటుంది. తిప్పనంటే ఎందుకో చెప్పాలి. చెబితే రూతు సంసారం ఇవాళే నడిరోడ్డున పడుతుంది. చెప్పకపోతే ఆ పిల్ల బాబునెత్తుకుని ఆటోలోనే తిరుగుతూ ఉంటుంది.

"కాస్త తొందరగా కానీ బావా, ఒక చోటికి వెళ్ళాలి," అని సుందరపాల్ గడియారం చూసుకున్నాడు.

ఏసోబు పానాతో సహా షెడ్డు లోపలికి వెళ్ళాడు. ఉస్తాద్ గోడవారన కూర్చుని, చిరిగిన మూటకి ఇసుక ఎత్తి మూతి కుడుతున్నాడు. బయటి మాటలన్నీ ఆయనకీ వినబడ్డాయి. శిష్యుడు ఎదురుగా నిలబడి అడిగాడు.

"ఇప్పుడు నన్నేం చెయ్యమంటారు ఉస్తాద్?"

ఆయన కుట్టు ముగించి, దారం పంటితో కొరికాడు. ఆ మూటని మిగతా మూటల మీద సర్ది పెట్టాడు.

"మూటలెందుకని కదా నువ్వడిగింది," అన్నాడు. "నాకు తెలిసింది అంతవరకే."