గుబురయ్య ఆటో, రెండు నిమ్మకాయలు

అనగనగా ఒక అడవిలో, ఏనుగులు నడిచి నడిచి చదును చేసిన రోడ్డు మీద, గుబురయ్య అనే ఎలుగుబంటి ఆటో నడిపేవాడు.

"నా అంత ధైర్యవంతుడు ఈ అడవిలో లేడు. పులి ఎదురొచ్చినా బ్రేకు వెయ్యను!" అని ఎక్కిన వాళ్ళందరికీ చెప్పేవాడు. ఓసారి నిజంగానే పులి ఎదురొచ్చింది. గుబురయ్య చెప్పినట్టే బ్రేకు వెయ్యలేదు. ఆటోలోంచి దూకి చెట్టెక్కేశాడు.

ఒకరోజు ఇన్సూరెన్సు ఆఫీసులో పనిచేసే కాకి వచ్చి ఆటో మీద వాలింది.

"గుబురన్నా, నీ ఆటో ఇన్సూరెన్సు రేపటితో అయిపోతుంది. ఒకసారి ఆఫీసుకి రా."

"అలాగే, రేపొస్తాలే" అన్నాడు. వెళ్ళలేదు.

వారం పోయాక కాకి మళ్ళీ వచ్చింది. "అన్నా, గడువు దాటిపోయింది. ఇన్సూరెన్సు లేకుండా బండి నడిపితే నేరం. జైల్లో వేస్తారు."

గుబురయ్య ఆటో ముందు వేలాడుతున్న నిమ్మకాయని, మిరపకాయల్ని చూపించాడు. "దిష్టి తగలకుండా కట్టాను. ఇంక నాకేమవుతుంది?"

మూడోసారి కాకి బతిమాలింది. "నీకేమవుతుందని కాదన్నా. నీ ఆటో ఎవరినైనా గుద్దితే వాళ్ళకి వైద్యం ఎవరు చేయిస్తారు? నిమ్మకాయ చేయిస్తుందా?"

గుబురయ్య బాగా ఆలోచించాడు. రెండో నిమ్మకాయ కట్టాడు.

మర్నాడు వెనక కూర్చున్న కుందేళ్ళకి పులి సంగతి చెబుతున్నాడు, చెట్టెక్కిన ముక్క మాత్రం వదిలేసి. చెబుతూ చెబుతూ తల వెనక్కి తిప్పాడు. ధడేల్! రోడ్డు దాటుతున్న ముసలి తాబేలు డిప్పమ్మని ఆటో గుద్దేసింది. ఆమె వీపు మీది డిప్ప పగిలింది.

"పొద్దున్నించీ ఇదే రోడ్డు దాటుతున్నాన్రా, నీకు కనపళ్ళేదూ?" అని డిప్పమ్మ ఏడ్చింది. "ఇప్పుడు నేను తల ఎక్కడ దాచుకోవాలి?"

గుబురయ్య ఆటో దిగి, పగిలిన డిప్ప ముక్కలు ఏరసాగాడు.

కోర్టులో ఏనుగు జడ్జి చెవులు విసురుకుంటూ అడిగాడు. "ఇన్సూరెన్సు కాగితం ఏదీ?"

"లేదండయ్యా. నిమ్మకాయలున్నాయండి. రెండు."

"గడువు దాటిందని తెలుసా?"

"కాకి చెప్పిందండి."

"గుద్దకపోయినా సరే, ఇన్సూరెన్సు లేకుండా నడపడమే నేరం. నెల రోజులు జైలు. ఆటో అమ్మి డిప్పమ్మకి వైద్యం చేయించు."

జైలు గుమ్మం దగ్గర డాక్టరు కోతి సూది బయటికి తీసింది. "లోపలికి వెళ్ళేముందు రక్త పరీక్ష. చెయ్యి చాపు."

గుబురయ్య దబ్బున పడిపోయాడు. చూడ్డానికి వచ్చిన కాకి అతని మొహాన నీళ్ళు చల్లింది.

"ఆఫీసు నీ ఇంటి పక్కనే కదన్నా. మూడుసార్లు పిలిచినా ఎందుకు రాలేదు?"

గుబురయ్య అటూ ఇటూ చూసి, గొంతు బాగా తగ్గించాడు. "ఇన్సూరెన్సంటే సూది గుచ్చి రక్తం తీస్తారని మా బావ చెప్పాడు. నాకు సూదంటే... చచ్చేంత భయం."

"అది ప్రాణానికి చేసే ఇన్సూరెన్సన్నా! ఆటోకి రక్తమెక్కడుంటుంది?"

నీతి: ఇన్సూరెన్సు లేని బండిని రోడ్డెక్కించకూడదు. మన భయాన్ని దాచుకుని అడగాల్సింది అడక్కపోతే, దెబ్బ పక్కవాళ్ళకి తగులుతుంది.