చిన్నకోడలి చిక్కుమాట

అనగనగా ఒక ఊళ్ళో ఒక కోటంట, ఆ కోటలో రాజుగారి చిన్నకోడలంట, పేరు నాంచారి. మొగుడు పెళ్ళయిన నెలకే యుద్ధానికి పోయాడు. అత్తగారు పలకదు, ఆడబిడ్డలు పలకరు, దాసీల సంగతి సరేసరి. పాపం, తన గొంతు తనే మర్చిపోయేలా ఉంది ఆ పిల్ల. ఊ కొడుతున్నారా?

దానికున్న దిక్కల్లా వేరే రాజ్యంలో కాపురముంటున్న అక్క వెంగమ్మ. అమ్మ పోయాక ఒకరికొకరే. అక్కా, ఏడుపొస్తోందే అని తాటాకు మీద రాసి పంపింది. ఆ కోటలో ఒక పాడు ఆచారం ఉందర్రా. బయటికి పోయే ఆకైనా, లోపలికొచ్చే ఆకైనా, సభలో చదివాకే కదలాలి. చదివారు. ఆడబిడ్డలు దాని ఏడుపుకి రాగం కట్టి ఇల్లంతా పాడుకుంటూ తిరిగారు. పిల్ల సిగ్గుతో చితికిపోయింది.

అప్పుడొక ఉపాయం పన్నింది. ఉప్పు, పప్పు, చింతపండు, ఆవు, దూడ, గడ్డి అంటూ ఊకదంపుడు మాటలు రాసి, మధ్యలో అసలు మాటలు ఇరికించింది. ఒక గుర్తువాక్యం పెట్టుకుంది. అందులో ఒక్కో పదానికి ఎన్ని అక్షరాలుంటే అన్నేసి మాటలు దాటుకుంటూ ఏరుకోవాలి. బాగానే ఉందా? ఉంటే ఏం లాభం? అక్కకి తెలియాలి కదా అని ఆ కిటుకూ, ఆ గుర్తువాక్యమూ ఇంకో ఆకు మీద రాసి, రెండు ఆకులూ మోసుకుపోయే ఒకే మనిషి చేతికిచ్చింది, వెర్రిమాలోకం. దొంగ చేతికి తాళాలిచ్చినట్టు కాదూ? నాకైతే ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మళ్ళీ సభ, మళ్ళీ చదువుడు, మళ్ళీ నవ్వులు. నవ్వుకున్నాకే ఆకులు అక్కకి పంపారు.

నాంచారి అన్నం మానేసింది. గోడకి చెప్పుకుందామంటే గోడ ఊ కొట్టదుగా.

ఒకరోజు ఒక్కతే కూర్చుని తల దువ్వుకుంటోంది. దువ్వెన చిక్కులో పడి తల చురుక్కుమంది. చిన్నప్పుడు అమ్మ చిక్కు తీస్తూ, నొప్పి తెలియకుండా ఒక మాట అనేది. అక్కకీ తనకీ తప్ప అది ఎవరూ వినలేదు, ఎక్కడా రాసి లేదు. వెంటనే ఆ మాటనే గుర్తువాక్యంగా పెట్టుకుని కొత్త ఆకు రాసింది. పైన మాత్రం ఇంతే పెట్టింది:

"అక్కా, అమ్మ చిక్కు తీస్తూ అనేది తలుచుకో."

సభలో చదివారు. కిటుకు వాళ్ళకి తెలుసు, మాట తెలియదు. మంత్రి శ్లోకాలు పెట్టి చూశాడు, పురోహితుడు దేవుళ్ళ పేర్లు పెట్టి చూశాడు. ఉప్పే వచ్చింది, పప్పే వచ్చింది. చివరికి కోడలికి మతి పోయిందని తేల్చి ఆకుని అక్కకి పోనిచ్చారు. అనుకోనీ, పోయేదేముంది?

కొన్నాళ్ళకి అక్క దగ్గర్నుంచి ఆకొచ్చింది. అదీ అంతే, గేదె, గుమ్మడి, రోలు, రోకలి. నాంచారి తలుపు గడియేసుకుని, వేళ్ళ మీద లెక్కేసుకుంటూ ఏరింది.

"నాకూ ఇక్కడ ఎవరూ లేరే చెల్లీ. రాయడం మానకు."

అక్క సుఖంగా ఉందనుకుందర్రా, ఇన్నాళ్ళూ. ఆ ఆకు గుండెకి హత్తుకుని భోరుమంది. ఆ పూట అన్నం తింది.

తర్వాత మొగుడొచ్చాడు, పిల్లలు కలిగారు, అందరూ చల్లగా ఉన్నారు. ఆకులు మాత్రం ఆగలేదు. గుట్టువిప్పే మాటని గుట్టుతో కలిపి పంపకూడదర్రా, అదీ నీతి.

ఇంతకీ వాళ్ళమ్మ ఏమనేదో చెప్పమంటారా? నాకెలా తెలుస్తుంది? అది వాళ్ళిద్దరిదీ. కథ కంచి దారి పట్టింది, మనం దుప్పట్లో దూరదాం.