పెంటయ్య పిన్నీసు

గోదారి మీద ఇన్ని వంతెనలు లేని రోజుల్లో, అవతలి గట్టు చేరాలంటే పడవే దిక్కైన రోజుల్లో, అనగా అనగా తుమ్మలంక అని ఓ ఊరు. ఏటి నడుమన ఊరు. ఆ ఊరికి ఒకటే మోటారు పడవ. ఆ పడవలో నీళ్ళు తోడేవాడు పెంటయ్య.

పడవ అడుగున నీరు ఊరుతూనే ఉండేది. పెంటయ్య డబ్బాతో తోడుతూనే ఉండేవాడు. జనం ఎక్కేవారు, దిగేవారు. అడుగున ఒక మనిషి ఉన్నాడని ఎవరికీ పట్టేది కాదు.

పడవ గంగాచలానిది. వెనక తగిలించిన మోటారు దొరల కాలం నాటిది. రంగంతా ఊడిపోయింది. తాడు పట్టి లాగితే గానీ లేచేది కాదు. గంగాచలం మంచివాడే గానీ కోపం ముక్కు మీద ఉండేది. మోటారు మొరాయిస్తే తిట్టేవాడు. తిట్టి తన్నేవాడు.

"తంతే ఏం చెబుద్ది అల్లుడూ? నెమ్మదిగా అడగాల," అనేవాడు పెంటయ్య.

"నువ్వు నీళ్ళు తోడు మావా," అనేవాడు గంగాచలం.

పెంటయ్య నవ్వి నీళ్ళు తోడుకునేవాడు.

ఓ ఏడు వరద వచ్చింది. ఎర్రనీరు ఇళ్ళ అరుగులెక్కింది. గంగాచలం పొద్దున్నించీ జనాన్ని గట్టుకు చేరుస్తూనే ఉన్నాడు. ఆఖరి విడతలో ముసలివాళ్ళు, చంటిబిడ్డల తల్లులు ఎక్కారు, రెండు మేకలు కూడా ఎక్కాయి. పడవ నడిగోదారికి వచ్చేసరికి మోటారు గుక్కుగుక్కుమని దగ్గింది. దగ్గి దగ్గి ఆగిపోయింది.

పడవ వాలుకు కొట్టుకుపోసాగింది. దిగువన ఆనకట్ట. దాని మీంచి నీళ్ళు దూకుతున్న హోరు అందరికీ వినబడుతోంది.

గంగాచలం తాడు లాగాడు. లేవలేదు. తన్నడానికి కాలెత్తాడు. పెంటయ్య డబ్బా పక్కన పెట్టి ఆ కాలు పట్టుకున్నాడు.

"ఆగు అల్లుడూ. నెమ్మదిగా అడుగుదాం. ఈలోగా చేతనైనోళ్ళు తెడ్లు వెయ్యండి."

గంగాచలం కాలు దించాడు. పక్కకు జరిగాడు.

పెంటయ్య ముందు ప్లగ్గు విప్పాడు. మసి పట్టి ఉంది. పంచె చెంగుతో తుడిచి బిగించాడు. తాడు లాగితే మోటారు లేచింది. నాలుగు బారలు నడిచి, గుక్కుగుక్కుమని దగ్గి ఆగిపోయింది.

"ఇది కాదు," అన్నాడు పెంటయ్య నెమ్మదిగా.

పెట్రోల్లో నీళ్ళు కలిశాయేమోనని ట్యాంకు మూత తీశాడు. కాస్త అరచేతిలోకి ఒంపి చూశాడు. శుభ్రంగా ఉంది. మూత పెట్టి తాడు లాగాడు. ఈసారి మోటారు బాగా దూరం లాక్కొచ్చింది. జనం "అమ్మయ్య" అనుకునేలోపే గుక్కుగుక్కుమని దగ్గి ఆగిపోయింది. ఎవరో ఏడుపు మొదలెట్టారు. ఆనకట్ట మీద తెల్లటి నురగ కనబడుతోంది.

"ఇదీ కాదు," అన్నాడు పెంటయ్య. కళ్ళు మూసుకుని ఆలోచించి, మోటారునే అడిగాడు. "మూత తీసి పెడితే ఎక్కువ దూరం నడిచింది. మూసిన కాసేపటికి ఆయాసపడింది. ఎందుకంటావ్?"

మూత మీద చెయ్యి వేసి మెల్లగా తిప్పాడు. ఉస్సుమంటూ ట్యాంకు గాలి పీల్చుకుంది.

మూత తిరగేసి చూస్తే, నడుమ ఉండే సన్నటి బెజ్జంలో మట్టి. ఏ కందిరీగో ఎప్పుడో పెట్టిన గూడు, ఆ రోజు నీటి తుంపరకు మెత్తబడి బెజ్జాన్ని పూర్తిగా కమ్మేసింది. గాలి లోపలికి పోక పెట్రోలు కిందికి దిగడం లేదు.

"దీనికి ఊపిరాడట్లేదు అల్లుడూ, అంతే. అమ్మా, సన్నంది ఏదన్నా ఉందా?"

అచ్చియ్యమ్మ అనే ముసలామె గాజుకు తగిలించుకున్న పిన్నీసు తీసి ఇచ్చింది. పెంటయ్య ఆ బెజ్జాన్ని పొడిచాడు. మట్టి రాలింది. నోటితో ఊదాడు. మూత బిగించి, గంగాచలం చేతికి తాడిచ్చాడు.

"ఇప్పుడు లాగు."

మోటారు లేచింది. దగ్గలేదు, ఆగలేదు. నురగకు ఎదురు తిరిగి, నెమ్మదిగా, గట్టు దాకా నడిచింది.

అందరూ దిగాక గంగాచలం పెంటయ్య చేతులు పట్టుకున్నాడు. "మావా, ఇకనించి మోటారు దగ్గర నువ్వు కూర్చో. నేను నీళ్ళు తోడతాను."

"పిచ్చోడా, వరదలో పడవ నడపడం నాకేం తెలుసు? నువ్వే నడుపు. తన్నకు, అంతే," అన్నాడు పెంటయ్య. వంగి డబ్బా అందుకున్నాడు. అప్పటికే అడుగున జానెడు నీళ్ళు చేరాయి.

ఆ తర్వాత పెంటయ్య చాలా ఏళ్ళు బతికాడు. ఓ మామిడికాయల కాలంలో చద్దన్నం తిని, పడవ నీడలో నడుం వాల్చి, అలాగే పోయాడు. ఆయన్ని సాగనంపిన రోజున, పండు ముసలిదైపోయిన అచ్చియ్యమ్మ తన పిన్నీసు తీసి ఆ మోటారుకు తగిలించింది. గంగాచలం దాన్ని మళ్ళీ తియ్యలేదు.

ఇప్పటికీ ఆ రేవులో కొత్త పడవ దిగితే, ఊళ్ళో పెద్ద ముత్తైదువ తన గాజు పిన్నీసు దాని ఇంజనుకు తగిలిస్తుంది. మూతా, బెజ్జమూ లేని కొత్త ఇంజనైనా సరే. ఇక ఇంట్లో ఎవరైనా మూతి బిగించుకుని కూర్చుంటే, పిల్లాడు కారణం చెప్పకుండా ఏడుస్తుంటే, కొట్టబోయిన చెయ్యి పట్టుకుని ఆ ఊరి పెద్దలు ఒకటే మాట అంటారు:

"ఆగు. ముందు మూత వదులు చెయ్యి."