ఖాళీ కడియం

శిల్పి పేరయాచారి రోజూ పొద్దున్నే గుడి గోపురానికి కాస్త ఎడంగా కళ్ళు మూసుకుని కూర్చునేవాడు. చూసేవాళ్ళు జపం అనుకునేవారు. ఆయన వినేది మాత్రం ఇనుము చప్పుడు. బొమ్మలు బాగుచేయడానికి పరంజా ఎక్కిన ప్రతి శిష్యుడూ తన బెల్టు తాడు కొక్కేన్ని గోడలో దిగ్గొట్టిన మేకుకు వేలాడే ఇనుప కడియానికి తగిలించి, గట్టిగా కుదిపి మోగించాలి. కింద నుంచి ఆయన ఒక్కొక్కర్నీ పేరు పెట్టి పిలిస్తే పైన కడియం మోగాలి. నోటితో "కట్టుకున్నా" అంటే ఒప్పుకునేవాడు కాదు. వెనకటికి సోమలింగం అనే శిష్యుడు అలా నోటితోనే చెప్పి, పై అంతస్తు నుంచి పడి చనిపోయాడు. అప్పట్నుంచీ ఈ పద్ధతి. సోమలింగం కొక్కెం తగిలించాల్సిన కడియాన్ని తర్వాత ఎవరూ వాడలేదు. అది పై అంతస్తు దక్షిణపు మూలన అలాగే ఖాళీగా ఉండిపోయింది.

శిష్యుల్లో ఒకడైన నీలకంఠానికి ఇదంతా ముసలాయన చాదస్తంగా తోచేది. బొమ్మలకు కళ్ళు దిద్దడంలో వాణ్ణి మించినవాడు లేడు. ఆ సంగతి అందరికంటే వాడికే బాగా తెలుసు. ఒకరోజు ఉండబట్టలేక అడిగేశాడు.

"గురువుగారూ, తాడు భయమున్నవాడికి కదా? చెయ్యి తిరిగినవాణ్ణి అది వెనక్కి లాగుతుంది. నాకెందుకు చెప్పండి?"

పేరయాచారి సున్నం కలుపుతూనే, "రేపు పై అంతస్తులో ద్వారపాలకుడికి కళ్ళు దిద్దు. దిగొచ్చాక చెబుతాను" అన్నాడు.

మర్నాడు మంచు దట్టంగా పట్టింది. పైకెక్కిన నీలకంఠానికి నేల కనిపించలేదు, తోటివాళ్ళూ కనిపించలేదు. ఎదురుగా కళ్ళు లేని ద్వారపాలకుడి ముఖం ఒక్కటే ఉంది. ముందుకు వంగితే తాడు పట్టేస్తుందని, కొక్కెం తగిలించకుండానే కుంచె తీశాడు.

"నీలకంఠం!" కింద నుంచి పిలుపు.

"కట్టుకున్నా గురువుగారూ!"

అప్పుడు వాడి చెవి పక్కనే కడియం మోగింది.

గిరుక్కున తిరిగాడు. పక్కనే దక్షిణపు మూలన తుప్పు పట్టిన ఖాళీ కడియం ఊగుతోంది. అక్కడ ఎవరూ లేరు. గాలి కూడా లేదు. చూస్తుండగానే అది మళ్ళీ మోగింది, ఈసారి కసురుకున్నట్టు గట్టిగా. నీలకంఠం గబగబా కొక్కెం వెతుక్కుని, తన కడియానికి తగిలించి, కుదిపి మోగించాడు. ఆ మూలన చప్పుడు ఆగిపోయింది.

"ఊఁ, కానివ్వు" అన్నాడు కింద గురువు.

వాడు కుంచె పట్టుకుని వంగాడు. మంచుకు తడిసిన పరంజా పలక కాలి కింద నుంచి జారిపోయింది. రంగు చిప్ప మంచులోకి పడిపోయింది. అది నేలకు తాకిన చప్పుడు చాలాసేపటికి గానీ వినిపించలేదు. వాడు మాత్రం తాడుకు వేలాడుతూ చిన్నపిల్లాడిలా ఏడ్చేశాడు.

తోటివాళ్ళు దించాక గురువు కాళ్ళ దగ్గర కూలబడ్డాడు. "నాకంటే ముందు మోగించింది ఎవరు గురువుగారూ?"

పేరయాచారి వాడి నడుము మీద బెల్టు ఒరుసుకున్నచోట నూనె రాశాడు. తడిసిన కళ్ళతో పైన దక్షిణపు మూలకేసి చూశాడు.

"బతికున్నవాళ్ళు మరిచిపోతారు నాయనా" అన్నాడు. "వాడు మరిచిపోడు."